మీలో ఎవరు కోటీశ్వరుడు
మీలో ఎవరు కోటీశ్వరుడు తెలుగు టెలివిజన్‌లో ప్రసారమైన ఒక విజ్ఞాన పోటీ కార్యక్రమం. 1998లో బ్రిటన్‌లో ప్రారంభమైన 'హూ వాంట్స్ టు బి ఎ మిలియనీర్' దీనికి మూలం. 2014లో మా టీవీలో అక్కినేని నాగార్జున వ్యాఖ్యాతగా మొదలైంది. నాలుగవ విడతను 2017లో చిరంజీవి నిర్వహించాడు. 2021లో ఇదే ఆట జూనియర్ ఎన్.టి.ఆర్. వ్యాఖ్యాతగా జెమిని టీవీలో 'ఎవరు మీలో కోటీశ్వరులు' అన్న పేరుతో వచ్చింది.

ప్రతి ప్రశ్నకు నాలుగు జవాబులు ఇస్తారు. వాటిలో సరైనదానిని ఎన్నుకోవాలి. మొదటి ప్రశ్నలు తేలికగానే ఉంటాయి. అసలు చిక్కు చివరికి వచ్చాకనే. పద్నాలుగు ప్రశ్నలు దాటినవారు 50 లక్షల రూపాయలు తీసుకొని ఆట విరమించవచ్చు. పదిహేనవ ప్రశ్నకు తప్పు చెబితే మాత్రం దక్కేది 3,20,000 రూపాయలే. అందువలన సందేహం బలంగా ఉంటే విరమించడమే మేలు. 2021లో రాజా రవీంద్ర అనే పోలీసు అధికారి ఆ ప్రశ్నకూ సరైన జవాబు చెప్పి కోటి రూపాయలు గెలుచుకొన్నాడు.