అర్ధరాత్రి డకోటా

రాయ్‌పూర్ దగ్గరి అభన్‌పూర్‌లో బుల్లి రైలు దారి రెండుగా చీలేది: ఒకటి ధమ్‌తరికి, ఇంకొకటి రాజిమ్‌కు. రెండున్నర అడుగుల పట్టాల మీద నడిచిన ఆ రైలంటే అందరికీ ముద్దే. నా మోజు మాత్రం ఈ చుట్టుపక్కల ఆకాశం మీద. పటం మీద కలకత్తా నుంచి నాగ్‌పూర్‌కు గీత గీయండి, రాయ్‌పూర్‌కు కాస్త ఉత్తరంగా పోతుంది. 1949 జనవరిలో రాత్రి టపా విమానాలు మొదలయ్యాక ఉత్తరాల సంచులు ఇటుగానే ఎగిరాయి.

ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నుంచి చీకటిపడ్డాక లేచిన విమానాలు నడిరాత్రి నాగ్‌పూర్‌లో దిగేవి. సంచులు మార్చుకుని ఎవరి దారిన వాళ్లు. గాలిలో నడిచేవాటికి అదే జంక్షన్. అమెరికాలో ఫెడెక్స్ ఇదే కిటుకుతో మెంఫిస్ నుంచి పని మొదలుపెట్టింది 1973లో!

ఆ రాత్రి టపా మోసిన విమానం డగ్లస్ వారి డీసీ-3. డకోటా అన్నది బ్రిటిష్ వాళ్లు పెట్టిన పేరు. 1935 డిసెంబరు 17న కాలిఫోర్నియాలో తొలిసారి ఎగిరింది. రెండో ప్రపంచ యుద్ధం కోసం పదివేలకు పైగా చేశారు. యుద్ధం ముగిశాక మిగిలినవి చవగ్గా అమ్ముడుపోయాయి. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి పెట్టిన దక్కన్ ఎయిర్‌వేస్ వాటితోనే బేగంపేట నుంచి నడిచింది. వేరే కంపెనీలు వద్దన్న మహిళ ప్రేమ్ మాథుర్‌కు పైలట్‌గా చోటిచ్చింది కూడా ఆ సంస్థే.

దాని ఇంజిన్ దగ్గర కాసేపు నిలబడదాం. గుండ్రంగా, ఏడేసి చొప్పున రెండు వరుసల్లో పద్నాలుగు సిలిండర్లు. విమానం ఊరికే నిలిచి ఉంటే నూనె మెల్లగా కిందివాటిలోకి దిగుతుంది. నూనె గాలిలా నలగదు. అలాగే స్టార్ట్ చేస్తే పిస్టన్ దానికి కొట్టుకుని కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అందుకని ముందుగా మెకానిక్కులు ప్రొపెల్లర్ రెక్క పట్టుకుని చేత్తో తిప్పుతారు. ఎక్కడైనా బిగుసుకుంటే బలవంతం చేయరు; ప్లగ్గు విప్పి నూనె వంచేస్తారు. ఆ తర్వాతే స్టార్టర్. ఒక సిలిండర్ దగ్గుతుంది, ఇంకోటి అందుకుంటుంది, గుప్పున నీలం పొగ, ఆపైన పద్నాలుగూ ఒకే శ్రుతి.

ప్రయాణికుడి సంగతి వేరు. తోక నేలకు ఆని ఉంటుంది కాబట్టి గట్టెక్కినట్టు సీటు చేరాలి. లోపల గాలి ఒత్తిడి నిలిపే ఏర్పాటు లేదు. మబ్బుల మీదుగా పోలేక వానాకాలమంతా వాటిలోంచే కుదుపుకుంటూ పోవాలి. పాత విమానాల మీద ముచ్చటపడే మనకు ఆ వాంతులు గుర్తుండవు.

1953 ఆగస్టు 1న దక్కన్ ఎయిర్‌వేస్‌తో కలిపి ఎనిమిది సంస్థలు జాతీయమయ్యాయి. 1957లో వైకౌంట్ విమానాలు వచ్చాయి. అవి టర్బైన్‌తో తిరిగేవి, చేత్తో తిప్పే పని లేదు.

వాయుసేన దగ్గర మాత్రం ఒక డకోటా ఎగిరే స్థితిలో ఉంది. బ్రిటన్‌లో బాగుచేయించి 2018లో తెచ్చారు, పేరు పరశురామ. రెండు రెక్కలకూ అవే పద్నాలుగేసి సిలిండర్లు.