అక్షరాల పలకతో సంభాషణ

అక్షరాల పలకతో సంభాషణ అనగా, నోటితో మాటలాడలేని లేదా అవసరమునకు సరిపడా మాటలాడలేని ఆటిజం గల వ్యక్తులు, ఒక పలకపై గాని కీబోర్డుపై గాని అక్షరములను ఒకదాని తరువాత ఒకటి చూపుతూ తమ భావములను తెలియజేయు విధానము. ఆటిజం గలవారిలో సుమారు నాలుగవ వంతు నుండి మూడవ వంతు మందికి మాట రాదని, లేదా కొద్ది మాటలు మాత్రమే వస్తాయని అంచనా. ఇటువంటివారికి ఏమీ తెలియదని చాలాకాలము లోకము భావించినది. పలక వారిలో కొందరికి మాటను ఇచ్చినది. అదే సమయములో, పలకపై వచ్చిన మాటలు నిజముగా ఆ వ్యక్తివేనా, లేక ప్రక్కన కూర్చున్న సహాయకునివా అను ప్రశ్నను కూడా లేవనెత్తినది. ఈ రెండింటిని కలిపి చూసినప్పుడే ఈ విధానము సరిగా అర్థమవుతుంది.

ఈ విధానము యొక్క చరిత్ర, వివాదము, తెలుగు లిపికి దానిని అన్వయించు తీరు మరియు కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వంటి పట్టణములలో కుటుంబములకు గల ఆధారములు ఈ వ్యాసములో వివరింపబడినవి.

మాట వేరు, భాష వేరు

మాటలాడుట శరీరముతో చేయు పని. పెదవులు, నాలుక, దవడ, గొంతు, ఊపిరి అన్నియు రెప్పపాటులో ఒక క్రమములో కదలవలెను. భాష అనగా పదములను, వాటి అర్థములను, వాక్యముల కూర్పును గ్రహించు శక్తి. పక్షవాతము వచ్చి మాట పడిపోయిన పెద్దవారిలో కొందరికి ఎదుటివారు చెప్పునది అంతయు అర్థమవుతూనే ఉంటుంది; నోరు మాత్రము సహకరించదు. చెవిటివారు ఒక్క మాట కూడా పలుకకుండ సైగల భాషలో సమస్తము చెప్పుకొందురు. కావున మాట లేనంత మాత్రమున భాష లేదని నిర్ణయించుటకు వీలు లేదు.

ఆటిజం గలవారిలో కొందరికి కదలికలను తలచిన క్రమములో నడిపించుటయే కష్టము. దీనిని అప్రాక్సియా అంటారు. మరికొందరికి భాషను గ్రహించుటలోనే ఇబ్బంది ఉండవచ్చును. ఇంకొందరికి బుద్ధిమాంద్యము కూడా తోడై ఉండవచ్చును. అందరి స్థితి ఒకటి కాదు. మాట రాని ప్రతి పిల్లవానిలోను దాగిన వాక్యములు ఉన్నవని చెప్పుట ఎంత తొందరపాటో, ఏమియు లేవని చెప్పుట కూడా అంతే తొందరపాటు.

పలక పనిచేయు తీరు

పలకలు పలు విధములు. అక్షరములను గడులలో వ్రాసిన అట్ట, అక్షరముల ఆకారముగా రంధ్రములు చేసిన ప్లాస్టిక్ పలక, మామూలు కీబోర్డు, తాకిన అక్షరములను గొంతుతో చదివి వినిపించు ట్యాబ్లెట్ ముఖ్యమైనవి. సాధారణముగా అభ్యాసము చిన్న ఎంపికతో మొదలవుతుంది. ఉపాధ్యాయుడు ఒక పాఠమును చెప్పి, రెండు కాగితపు ముక్కలపై రెండు జవాబులు వ్రాసి, సరియైనదానిని చూపమంటాడు. పిమ్మట జవాబును అక్షరములుగా కూర్చుట, తరువాత పూర్తి వాక్యము, చివరకు ముందుగా జవాబు తెలియని ప్రశ్నలకు సొంత అభిప్రాయము చెప్పుట అను మెట్లు ఉంటాయి.

సహాయకుని పాత్రను బట్టి పద్ధతులు వేరగుచున్నవి. ఫెసిలిటేటెడ్ కమ్యూనికేషన్ అను పద్ధతిలో సహాయకుడు వ్యక్తి యొక్క చేతిని, మణికట్టును లేదా మోచేతిని పట్టుకొనును. ర్యాపిడ్ ప్రాంప్టింగ్ మెథడ్ అను పద్ధతిలో చేయి పట్టడు. పలకను మాత్రము గాలిలో పట్టుకొని, మాటలతో ప్రోత్సహించును. స్వతంత్రముగా టైపు చేయుటలో కీబోర్డు బల్లపై ఉండును; దానిని గాని, వ్రాయువారిని గాని ఎవరును తాకరు.

చరిత్ర

1970వ దశకములో ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరములో రోజ్మేరీ క్రాస్లీ మస్తిష్క పక్షవాతము గల పిల్లలతో చేయి పట్టి అక్షరములు చూపించు పద్ధతిని ప్రారంభించినది. అమెరికాలోని సిరక్యూస్ విశ్వవిద్యాలయమునకు చెందిన డగ్లస్ బిక్లెన్ 1990లో దీనిని గురించి వ్యాసము ప్రచురించిన పిమ్మట, ఇది ఆటిజం గల వేలాది పిల్లలకు విస్తరించినది.

ర్యాపిడ్ ప్రాంప్టింగ్ మెథడ్ మన పొరుగు రాష్ట్రమైన కర్ణాటకలో పుట్టినది. సోమా ముఖోపాధ్యాయ్ తన కుమారుడు టిటో రాజర్షి ముఖోపాధ్యాయ్‌కు మైసూరు, బెంగుళూరులలో ఉన్న కాలమున తానే చదువు చెప్పినది. టిటో అక్షరములు చూపుటతో పాటు పెన్సిలుతో వ్రాయుట కూడా నేర్చినాడు. అతని మొదటి పుస్తకమును బ్రిటన్‌లోని నేషనల్ ఆటిస్టిక్ సొసైటీ 2000లో ప్రచురించినది. 2001లో తల్లీకొడుకులు అమెరికా వెళ్ళినారు. అక్కడ తల్లి ఈ పద్ధతిని ఇతర పిల్లలకు బోధించినది. కుమారుడు కవితలు, కథలు వ్రాసినాడు.

జపానుకు చెందిన నవోకి హిగాషిదా బాల్యములో అక్షరాల అట్ట సహాయముతో వ్రాసిన పుస్తకము 2007లో జపాను భాషలో, 2013లో ఆంగ్లములో వెలువడినది. ఆంగ్లములో దాని పేరు 'ద రీజన్ ఐ జంప్'. దాని ఆధారముగా అదే పేరుతో 2020లో వచ్చిన డాక్యుమెంటరీ చిత్రములో భారతదేశము, బ్రిటన్, అమెరికా, సియెర్రా లియోన్ దేశములలోని యువజనుల జీవితములు చూపబడినవి. 2022లో అమెరికాలోని రోలిన్స్ కళాశాల స్నాతకోత్సవములో ఎలిజబెత్ బోంకర్ అను మాట రాని విద్యార్థిని పట్టభద్రుల తరఫున ప్రసంగించినది. ముందుగా టైపు చేసిన ప్రసంగమును కంప్యూటరు గొంతు చదివి వినిపించినది.

వివాదము: మాటలు ఎవరివి?

1990వ దశకపు ఆరంభములో ఫెసిలిటేటెడ్ కమ్యూనికేషన్‌పై పలు పరీక్షలు జరిగినవి. వాటి తీరు సులభముగా గ్రహింపదగినది. పిల్లవానికి అరటిపండు బొమ్మను, సహాయకునికి బస్సు బొమ్మను ఒకరిది మరొకరికి కనపడకుండ చూపి, చూసినదానిని వ్రాయమంటారు. అక్షరములు పిల్లవానివైతే అరటిపండు అని రావలెను. సహాయకుడు చూసిన బొమ్మ పేరే మరల మరల వచ్చినది. సహాయకులు మోసము చేయలేదు. తమకు తెలియకుండగనే చేతిని నడిపించినారు. ఆత్మలను పిలుచు ప్లాంచెట్ పలకపై కూర్చున్నవారి వ్రేళ్ళు వారికి తెలియకుండ కదలుట వంటిదే ఇది.

దీని ఫలితములు చిన్నవి కావు. ఈ పద్ధతిలో వచ్చిన మాటల ఆధారముగా అమెరికాలో కొన్ని కుటుంబములపై అత్యాచార ఆరోపణలు వచ్చి, పరీక్షలో ఆ మాటలు పిల్లలవి కావని తేలిన సందర్భములు కలవు. 1994లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ ఈ పద్ధతికి శాస్త్రీయ ఆధారము లేదని తీర్మానించినది. 2018లో అమెరికాలోని వాక్చికిత్సకుల సంఘము ఫెసిలిటేటెడ్ కమ్యూనికేషన్‌ను వాడరాదని, ర్యాపిడ్ ప్రాంప్టింగ్ మెథడ్‌ను సిఫారసు చేయలేమని ప్రకటించినది. చేయి పట్టకున్నను, పలకను పట్టినవారి చిన్న కదలికలు, చూపులు సూచనలు కాగలవన్నది రెండవదానిపై గల అభ్యంతరము.

మరొక వైపు పరిశోధనలు సాగుచున్నవి. వర్జీనియా విశ్వవిద్యాలయమునకు చెందిన విక్రమ్ జస్వాల్ బృందము 2020లో పలకను వాడు 9 మంది కంటిచూపును పరికరముతో గమనించినది. వారు అక్షరమును చూపుటకు సుమారు అర సెకను ముందే తమ దృష్టిని దానిపై నిలుపుతున్నారని ప్రకటించినది. ఆ పలకను సహాయకుడే పట్టుకొని ఉన్నందున ఇది చాలదని విమర్శకులు అన్నారు. అదే బృందము 2024లో మాట రాని 31 మందితో వేరొక పరీక్ష జరిపినది. ఐప్యాడు తెరపై వెలిగిన అక్షరమును తాకుట వారి పని. వెలుగుల వరుస అర్థవంతమైన వాక్యముగా ఉన్నప్పుడు వారు మరింత వేగముగా తాకినారు. అనగా వారిలో అనేకులకు పదముల అక్షరక్రమము తెలియును. అక్షరక్రమము తెలిసినంత మాత్రమున సహాయకుని పలకపై వచ్చిన ప్రతి వాక్యము వారిదేనని ఋజువు కాదు. కాని వారికి చదువు చెప్పుట వ్యర్థమను వాదమునకు మాత్రము బలము తగ్గినది.

అందుచేత రెండు జాగ్రత్తలు అవసరము. మొదటిది, పలకను క్రమక్రమముగా సహాయకుని చేతినుండి స్టాండుకు, అక్కడినుండి బల్లపైనున్న కీబోర్డుకు మార్చుట. రెండవది, వైద్యము, ఆస్తి, ఆరోపణ వంటి ముఖ్య విషయములలో సహాయకునికి జవాబు తెలియని ప్రశ్నలతో సరిచూచుట. ఇది ఆ వ్యక్తిని అనుమానించుట కాదు. అతని మాటను మరొకరు ఆక్రమించకుండ కాపాడుట.

తెలుగు పలక

ఆంగ్ల పలకపై 26 అక్షరములు ఉంటే సరిపోవును. తెలుగు వర్ణమాలలో సంప్రదాయపు లెక్క ప్రకారము 56 అక్షరములు కలవు. వీటికి గుణింతములు, ఒత్తులు చేరినప్పుడు వందలాది రూపములు ఏర్పడును. వాటన్నిటిని ఒకే పలకపై వ్రాయుట అసాధ్యము. కాని బడిలో గుణింతము నేర్పు పద్ధతిలోనే దీనికి పరిష్కారము కలదు. 'న' కు గుడి దీర్ఘమిస్తే 'నీ' అని పిల్లలు వల్లించునట్లే, హల్లును ఒకసారి, గుర్తును ఒకసారి చూపవచ్చును. కంప్యూటరులో వాడు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు కూడా ఈ సూత్రముపైననే నిర్మింపబడినది. అందులో ఎడమవైపు అచ్చులు, గుణింతపు గుర్తులు. కుడివైపు హల్లులు ఉంటాయి. ఒత్తు కావలసినప్పుడు రెండు హల్లుల నడుమ పొల్లును నొక్కవలెను.

ఈ లెక్కన 'అమ్మ' అనుటకు అ, మ, పొల్లు, మ అని నాలుగుసార్లు చూపవలెను. 'నీళ్ళు' అనుటకు న, గుడి దీర్ఘము, ళ, పొల్లు, ళ, కొమ్ము అని ఆరుసార్లు చూపవలెను. వ్రేలిని గురికి చేర్చుటయే కష్టమైనవారికి ప్రతి తాకిడి శ్రమయే. అందువలన పలకను రెండు భాగములుగా చేయుట, మొదట వర్గమును (క, చ, ట, త, ప వర్గములు), పిదప అందులోని అక్షరమును ఎంచుట, తరచు వాడు పదములను పూర్తిగా ఒక ప్రక్కన వ్రాసి ఉంచుట వంటి మార్పులు చేసికొనవచ్చును. ఆంగ్ల మాధ్యమములో చదువు పిల్లలు ఫోనులో వలె ఆంగ్ల అక్షరములతోనే తెలుగును వ్రాయవచ్చును.

ప్రక్కన వ్రాయు పదములు ఇంటిలో వినపడునవి కావలెను. కడప జిల్లా పిల్లవాని పలకపై సంగటి, చెనిక్కాయలు, కారెం దోసె, జేజి, జేజినాయన ఉండవలెను గాని ఎక్కడి నుండో తెచ్చిన పట్టికలోని పదములు కాదు. ఇంటిలో ఉర్దూ మాటలాడు కుటుంబములకు ఆ భాషలోని పదములు కావలెను. 'నొప్పి', 'చాలు', 'వద్దు', 'నేను అన్నది అది కాదు' అను నాలుగును ఏ పలకపైనైనను తప్పక ఉండవలసినవి. వద్దని చెప్పుటకు దారి లేనివానికి ఔనని చెప్పు స్వేచ్ఛ కూడా లేనట్లే.

స్నేహములు, సమూహములు

పలక ఇద్దరి మధ్య సాధనముగా మొదలై సమూహములకు దారి తీసినది. పైన చెప్పిన డాక్యుమెంటరీలో అమెరికాకు చెందిన బెన్, ఎమ్మా అను ఇద్దరు చిన్ననాటి మిత్రులు కనిపింతురు. ఏండ్ల తరబడి మాటలు లేకుండగనే సాగిన వారి స్నేహము, పలక వచ్చిన తరువాత అక్షరములలోను వ్యక్తమైనది. అమెరికాలో 2019లో ఏర్పడిన కమ్యూనికేషన్ ఫస్ట్ అను సంస్థ మాట రానివారి హక్కులకై పనిచేయుచున్నది. దాని నాయకత్వములో పాలుపంచుకొన్న జోర్డిన్ జిమ్మర్మాన్ 18 ఏండ్ల వయసులో ట్యాబ్లెట్ ద్వారా సంభాషించుట ఆరంభించి, ఉన్నత విద్య పూర్తి చేసినది.

ఇటువంటి కూడికలకు కొన్ని మర్యాదలు అవసరము. ఒక వాక్యమునకు కొన్ని నిమిషములు పట్టవచ్చును. అంతవరకు మిగిలినవారు నిరీక్షించవలెను. సగము పదము చూచి మిగతాది ఊహించి పూర్తి చేయరాదు. ప్రశ్నను తల్లిదండ్రులను గాక ఆ వ్యక్తినే అడుగవలెను. వయసు వచ్చినవారిని చంటిపిల్లలతో మాటలాడినట్లు మాటలాడరాదు.

చట్టము మరియు కడప జిల్లాలోని ఆధారములు

భారతదేశము 2007లో వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి ఒడంబడికను ఆమోదించినది. దానికి అనుగుణముగా వచ్చిన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 రకముల వైకల్యములలో ఆటిజంను చేర్చినది. ఈ చట్టము 'సంభాషణ' అను పదమునకు ఇచ్చిన నిర్వచనములో ప్రత్యామ్నాయ సాధనములు కూడా ఉన్నవి. మాట కష్టమైన విద్యార్థులకు అటువంటి సాధనముల వాడుకను ప్రోత్సహించుట, పరీక్షలలో లేఖకుని, అదనపు సమయమును ఇచ్చుట కూడా ఇందులో చెప్పబడినవి. కావున పలకను తరగతికి తెచ్చుకొను విద్యార్థి దయను కోరుట లేదు; చట్టము గుర్తించిన విషయమునే అడుగుచున్నాడు.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు పెన్నా తీరమున ఒకదానికొకటి సుమారు 20 కిలోమీటర్ల దూరములో ఉన్నవి. పులివెందుల జిల్లాలో పడమటి వైపున కలదు. ఈ ప్రాంతపు కుటుంబములకు మొదటి ఆధారము సమగ్ర శిక్ష ఆధ్వర్యమున మండల స్థాయిలో నడచు భవిత కేంద్రములు. వీటిలో ప్రత్యేక అవసరములు గల పిల్లలకు శిక్షణ పొందిన ఉపాధ్యాయులు బోధింతురు. వైకల్య ధ్రువీకరణకు సదరం శిబిరములు, ప్రభుత్వ ఆసుపత్రులలోని వైద్య బృందములు కలవు. 1999 నాటి చట్టముతో ఏర్పడిన నేషనల్ ట్రస్టు నిర్వహించు నిరామయ పథకములో ఆటిజం గలవారికి లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా లభించును. సికింద్రాబాదులో 1984లో నెలకొల్పబడిన జాతీయ సంస్థ, ప్రస్తుతము ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. అను పేరుతో, పరీక్షలు, మార్గదర్శనము, ఉపాధ్యాయ శిక్షణ అందించుచున్నది.

పలక ఒక్కటే మార్గము కాదు. బొమ్మల కార్డులు, సైగలు, చెన్నైలో రూపొందిన ఆవాజ్, బొంబాయి ఐ.ఐ.టి.లో రూపొందిన జెల్లో వంటి ట్యాబ్లెట్ సాధనములు కూడా కలవు. బొమ్మలను తానే తాకి 'నీళ్ళు' అని అడిగిన పిల్లవాని మాట, సహాయకుని చేతిలోని పలకపై వచ్చిన పెద్ద వాక్యము కంటె చిన్నదే. కాని అది నిస్సందేహముగా అతనిది. వాక్చికిత్సకుల సలహాతో ఇటువంటి సాధనములను ముందుగా అలవాటు చేసి, వాటితో పాటు అక్షరములను కూడా ప్రతి దినము నేర్పుట వలన పిల్లవానికి రెండు దారులు తెరచి ఉంటాయి.