మీకు తెలుసా? నొప్పి తగ్గడమూ ప్రమాదమే

అపెండిసైటిస్‌ను మన పెద్దలు ‘24 గంటల కడుపునొప్పి’ అంటారు. సాధారణంగా బొడ్డు చుట్టూ మొదలై, కొన్ని గంటల్లో కుడి పొత్తికడుపులోకి దిగుతుంది. అప్పుడు ఇంట్లో కాపడం పెట్టినా, ఆముదం తాగించినా వాచిన ఉండుకం (అపెండిక్స్) పగిలిపోయే ప్రమాదముంది. ఆసుపత్రిలో చేరాక ఆపరేషన్ అవసరం కావచ్చు, అందుకే వార్డులో నర్సు ముందుగా నోటికి ఏమీ ఇవ్వనివ్వదు, మంచినీళ్లు కూడా. సెలైన్ పెడుతుంది. తలవైపు ఎత్తుచేసి, మోకాళ్లు మడిపించి పడుకోబెడుతుంది. నాడి, జ్వరం పదేపదే చూస్తుంది.

విలవిల్లాడుతున్న మనిషికి నొప్పి ఉన్నట్టుండి తగ్గితే బంధువులు ఊపిరి పీల్చుకుంటారు. నర్సు మాత్రం వెంటనే డాక్టరును పిలుస్తుంది. ఉండుకం పగిలినప్పుడు కాసేపు అలాగే తగ్గి, తర్వాత కడుపంతా గట్టిపడి నొప్పి తిరగబెడుతుంది.

ఆపరేషన్ అయ్యాక దగ్గు వస్తే కుట్ల మీద దిండు అదిమి పట్టుకోవాలి. నర్సు లేచి నడవమంటే భయపడొద్దు. నడిస్తే పేగుల్లో కదలిక త్వరగా వస్తుంది, కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం తగ్గుతుంది.

తెలంగాణలోని వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో, నడిగడ్డ ప్రాంతంలోని గద్వాలలో 2024లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి, పెద్దాసుపత్రి దగ్గరైంది. అందుకే నొప్పి కుడివైపుకు దిగితే తెల్లారేదాకా ఆగకండి, 108కు ఫోన్ చేయండి.