యూరోపా యూనివర్సాలిస్ 4 మోడ్: బందరు రేవులో అన్వేషణ, ఆక్రమణల లెక్క ఎలా కుదురుతుంది?

హిస్టారికల్ స్ట్రాటజీ గేమ్స్ ఆడేవాళ్లకి యూరోపా యూనివర్సాలిస్ 4 గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. 2013లో వచ్చిన ఈ పీసీ గేమ్‌లో 1444 నుంచి 1821 వరకు ఒక దేశాన్ని మనం నడపాలి. పోర్చుగల్‌తో మొదలుపెడితే దారి దాదాపు ఒక్కటే. ఎక్స్‌ప్లోరర్‌ని ఓడెక్కిస్తాం, మ్యాప్‌లో మూసి ఉన్న భాగం తెరుచుకుంటుంది, అక్కడికి కాలనిస్ట్‌ని పంపిస్తాం. జనాభా 1000కి చేరగానే ఆ కాలనీ పూర్తి స్థాయి ప్రావిన్స్ అయిపోతుంది. బ్రెజిల్‌కి ఈ పద్ధతి సరిపోతుందేమో (అక్కడి మూలవాసులు ఒప్పుకోరనుకోండి, అది వేరే కథ). మా భవానీపురం నుంచి పొద్దున బయల్దేరితే టిఫిన్ వేళకి చేరిపోయే బందరుకి, అంటే మచిలీపట్నానికి, మాత్రం అస్సలు సరిపోదు. అందుకే ఆఫీస్ పని అయ్యాక రాత్రిళ్లు కూర్చుని నేనొక మోడ్ రాస్తున్నా.

అసలు గేమ్‌లో కోరమాండల్ తీరం ఖాళీగా ఉండదు. ఎవరో ఒక రాజు చేతిలో ఉంటుంది కాబట్టి అక్కడ కాలనిస్ట్‌తో పని లేదు. మిగిలేవి రెండు దారులు. యుద్ధం చేసి రేవు లాక్కోవాలి, లేదా 2018లో వచ్చిన ధర్మ ఎక్స్‌పాన్షన్‌లోని చార్టర్ కంపెనీ ఆప్షన్‌తో ప్రావిన్స్‌ని డబ్బిచ్చి కొనేయాలి. రెండిట్లోనూ రేవు మీద జెండా మారిపోతుంది.

చరిత్రలో అలా జరగలేదు. డచ్ వాళ్లు 1605లో, ఇంగ్లిష్ వాళ్లు 1611లో, ఫ్రెంచి వాళ్లు 1669లో బందరు వచ్చారు. వీళ్లెవరూ కనిపెట్టిన ఊరు కాదది. పర్షియాకి, బర్మాకి, సుమత్రాకి అప్పటికే ఓడలు తిరుగుతున్న గోల్కొండ రేవు. వచ్చినవాళ్లు కుతుబ్‌షాహీల ఫర్మానా కోసం ఎదురుచూడాల్సిందే. 1632లో అబ్దుల్లా కుతుబ్‌షా ఇంగ్లిష్ కంపెనీకి ఇచ్చిన ఫర్మానా ప్రకారం, ఏటా 500 వరహాలు కడితే గోల్కొండ రేవుల్లో సుంకాల బాధ లేకుండా వ్యాపారం చేసుకోవచ్చు. మన భాషలో చెప్పాలంటే యాన్యువల్ సబ్‌స్క్రిప్షన్! బందరు కోట ఇంగ్లిష్ వాళ్ల చేతికి వచ్చింది 1759లో, అదీ ఫ్రెంచి వాళ్ల దగ్గర్నుంచి. ఓడ దిగడానికీ కోట పట్టడానికీ మధ్య 148 ఏళ్లు. గేమ్‌లో నేనైతే అంత గ్యాప్ ఒక్కసారీ చూడలేదు.

బ్యాలెన్స్ అనగానే చాలామంది మోడర్లు ముట్టుకునేది నంబర్లనే. ఎక్స్‌ప్లోరర్ ఖర్చు పెంచడం, కాలనీ పెరుగుదల తగ్గించడం లాంటివి. టెక్స్ట్ ఫైల్ తెరిచి అంకె మారిస్తే అయిపోతుంది. కానీ మన తీరానికి దాంతో ఒరిగేదేం లేదు. అదే ఆక్రమణ కాస్త లేటుగా జరుగుతుంది, అంతే. అందుకే మధ్యలో ఫర్మానా అనే మెట్టు పెట్టా.

యూరప్ దేశం తీరాన్ని కనుక్కోగానే రేవు ఉన్న రాజుకి ఒక ఈవెంట్ వస్తుంది. ఆయన ఒప్పుకుంటే ప్రావిన్స్ ఆయన దగ్గరే ఉంటుంది, ఏటా కొంత ఆదాయం వస్తుంది. వచ్చినవాళ్లకి కోరమాండల్ ట్రేడ్ నోడ్‌లో కొంత ట్రేడ్ పవర్ దక్కుతుంది. సంబంధాలు చెడితే ఫర్మానా రద్దు. ఇక్కడ అంకెలు కుదరడానికే ఎక్కువ రాత్రులు పట్టింది. అబ్జర్వర్ మోడ్‌లో వదిలేసి చూస్తే, ట్రేడ్ పవర్ 5 పెట్టినప్పుడు డచ్ ఏఐకి ఈ గొడవే అక్కర్లేదు. 20 పెడితే అందరూ బందరుకే ఎగబడుతున్నారు, ఆ డబ్బుతో గోల్కొండ దక్కన్ మొత్తం మింగేస్తోంది. ప్రస్తుతానికి 12 దగ్గర ఆపా.

నంబర్లు కుదిరాక అసలు చిక్కు వచ్చింది. టెస్టింగ్‌కి ఇస్తే, ఇంగ్లండ్‌తో ఆడిన మా బాబాయి కొడుకు "అన్నా, ఇది గేమా, తాసీల్దార్ ఆఫీసా? పర్మిషన్ కోసం ఎన్నాళ్లు తిరగాలి?" అన్నాడు. వాడు అడిగినదాంట్లో న్యాయం ఉంది. చరిత్ర ఎంత కరెక్టైనా, ఆడేవాడికి చేతినిండా పని లేకపోతే అన్‌ఇన్‌స్టాల్ చేసేస్తాడు. కాబట్టి ఆ ఎదురుచూపులో నేతపనివాళ్లకి బయానా ఇచ్చే నిర్ణయం చేర్చా. ముందుగా డబ్బిస్తే ఓడ కదిలే వేళకి బట్ట సిద్ధంగా ఉంటుంది, లేదంటే ఖాళీ ఓడే. అప్పట్లో ఈ తీరం బట్టలు ఇండోనేషియా దీవులకి వెళ్లి, బదులుగా మసాలా దినుసులు వచ్చేవి. దాన్నే రూల్‌గా మార్చా: ఆ దీవుల్లో కొత్త రేవు కనుక్కున్న ప్రతిసారీ బందరు బట్ట మీద లాభం పెరుగుతుంది. ఇప్పుడు ఎవరి నేలా లాక్కోకుండానే ఎక్స్‌ప్లోరర్‌కి జీతం గిట్టుబాటవుతోంది. మావాడు రెండోసారి గోల్కొండతో ఆడాడు. డచ్ వాళ్లకీ ఇంగ్లిష్ వాళ్లకీ పోటీ పెట్టి ఫర్మానా రేటు పెంచడం వాడికి యుద్ధం కంటే నచ్చింది.

ఇలాంటి మోడ్ ట్రై చేసేవాళ్లకి ఒక మాట. చెక్‌సమ్ మారుతుంది కాబట్టి అచీవ్‌మెంట్స్ రావు. గ్రాఫిక్స్ కార్డ్ లేని ల్యాప్‌టాప్‌లోనూ ఆడొచ్చు, కాకపోతే 1700 దాటాక స్పీడ్ అంతా ప్రాసెసర్ మీదే ఆధారపడుతుంది.

ఇంకా తేలనిది ఆక్రమణకి తలుపు ఎప్పుడు తెరవాలన్నది. 1687లో గోల్కొండ ఔరంగజేబు చేతికి పోయింది. తర్వాత నిజాం వారసుల తగువులో దిగిన ఫ్రెంచి వాళ్లకి 1753లో ఉత్తర సర్కారులు దక్కాయి. అందుకని రేవు ఉన్న రాజ్యంలో వారసత్వ తగువు వస్తేనే యుద్ధానికి కారణం దొరికేలా రాశా. ఆ తగువు ప్రతి గేమ్‌లోనూ రావాలని మాత్రం పెట్టలేదు, పెట్టను కూడా. నిన్నటి టెస్ట్‌లో 1821 వచ్చేసినా బందరు గోల్కొండదే.