గట్టు మీద పోసిన డెక్క మళ్లీ కాల్వలోకే

మా దెందులూరు మండలంలో వరి చేసే రైతులు నలుగురు కలిస్తే మాట ధర దగ్గర మొదలైనా గుర్రపుడెక్క దగ్గరికే చేరుతుంది. కాల్వలో డెక్క పేరుకుంటే శివారు చేలకు నీళ్లందవు. డ్రైన్లో పేరుకుంటే పడిన వాన దిగదు, నాట్లు కుళ్లిపోతాయి. ఒకే మొక్క ఒకే ఊరికి జూన్‌లో ఎద్దడి, ఆగస్టులో ముంపు తెచ్చిపెడుతుంది. నీటి సంఘంలో తిరిగిన రోజుల నుంచీ ఈ పని దగ్గరగా చూస్తున్నాను. ఏటా డబ్బు ఖర్చవుతోంది, ఏటా డెక్క పెరుగుతూనే ఉంది. ఎంత తీశామన్న లెక్క ఉంటుంది. ఎక్కడి నుంచి వస్తోంది, తీసింది ఎక్కడికి పోతోంది అన్న లెక్క ఎవరి దగ్గరా ఉండదు. నా బాధంతా అదే.

ఈ మొక్క మనది కాదు. దక్షిణ అమెరికాలోని అమెజాన్ ప్రాంతం దీని పుట్టిల్లు. ఊదారంగు పువ్వు అందానికి ముచ్చటపడి పంతొమ్మిదో శతాబ్దం చివర్లో బెంగాల్‌కు తెచ్చుకున్నారు. అక్కడ అది పడవ దారుల్ని, వరి చేలను కమ్మేస్తే 1936లో దానికోసం ప్రత్యేకంగా చట్టమే చేయాల్సి వచ్చింది. అనువైన నీళ్లు దొరికితే రెండు వారాల్లో రెట్టింపవుతుంది. తల్లి మొక్క పక్కకు కాడ సాచి పిల్లను వేస్తుంది, ఆ పిల్ల తెగి ప్రవాహంతో పోయి ఇంకో ఊళ్లో కాపురం పెడుతుంది. గింజలైతే బురదలో 20 ఏళ్ల దాకా బతికుంటాయని శాస్త్రవేత్తలు చెబుతారు.

దానికి తిండి పెట్టేది మనమే. చేలో చల్లిన యూరియా, డీఏపీలో పైరు తీసుకోగా మిగిలింది మురుగుతో డ్రైన్లోకి దిగుతుంది. చేపల చెరువులు వదిలే నీళ్లలో మేత, చేపల మలం ఉంటాయి. పట్టణాల మురుగు సరేసరి. ఇంత సారం ఉన్న నీళ్లలో డెక్క పెరగకపోతేనే వింత.

మన ప్రాంతం నీళ్ల దారి ఒకసారి చూడాలి. విజ్జేశ్వరం దగ్గర బయల్దేరిన ఏలూరు కాల్వ నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు దాకా వస్తుంది. కాల్వ కింద వాడిన నీరు డ్రైన్లలో పడుతుంది. డ్రైన్లతో పాటు మెట్ట నుంచి వచ్చే గుండేరు, తమ్మిలేరు, రామిలేరు, పడమటి నుంచి వచ్చే బుడమేరు అన్నీ కొల్లేరులోకే దిగుతాయి. కొల్లేరు నుంచి సముద్రానికి దారి ఒక్కటే, 60 కిలోమీటర్ల పైచిలుకు సాగే ఉప్పుటేరు. కాబట్టి తాడేపల్లిగూడెం దగ్గర తెగిన మొక్క ఎప్పటికైనా కొల్లేటి లంకల వాకిట్లోకి రావలసిందే. కొల్లేరు నీరు ఉప్పుటేరు వైపు దిగే పెదఎడ్లగాడి వంతెన ఖానాల్లో డెక్క అడ్డం పడితే నీరు వెనక్కి ఎగదన్నుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచి, ఆ నీరంతా కొల్లేరుకు చేరినప్పుడు లంక గ్రామాల వాళ్లకు ఆ వంతెన దగ్గర పారే ప్రతి అంగుళం నీరూ ప్రాణమే అయింది.

ఇప్పుడు పని జరిగే తీరు చూడండి. వేసవిలో కాల్వలు కట్టేస్తారు. అప్పుడు చేయాల్సిన పనికి టెండర్లు, అనుమతులు పూర్తయ్యేసరికి నీళ్లు వదిలే తేదీ ముంచుకొస్తుంది. హడావుడిగా ప్రొక్లెయిన్ దింపి, లాగిన డెక్కను గట్టు మీదే కుప్ప పోస్తారు. మొదటి వానకు సగం జారి నీళ్లలో పడుతుంది. అదే ప్రొక్లెయిన్ బకెట్టు కడగకుండా ఇంకో డ్రైన్‌కి పోతుంది, మొక్కను మనమే బండెక్కించి పంపినట్టు. పైగా కాల్వ ఒకరి చేతిలో, డ్రైన్ మరొకరి చేతిలో, అభయారణ్యంలో అటవీశాఖ. కొల్లేరు +5 కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లు 1999లో అభయారణ్యమైంది. 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలోకీ చేరింది. ఆ గౌరవాలన్నీ మొక్కకు తెలియవు. అది నీటి వాలునే పట్టుకుని పోతుంది. పని కూడా నీటి వాలును పట్టుకునే సాగాలి. ఎగువ కాల్వతో మొదలుపెట్టి దిగువకు రావాలి. కింద తీసి పైన వదిలేస్తే ఆ డబ్బు నీళ్లలో పోసినట్టే.

మందు కొట్టి చంపేద్దామనే వాళ్లున్నారు. ఊళ్ల మంచినీళ్ల చెరువులు నింపేది ఈ కాల్వల నుంచే. అదీకాక చచ్చిన డెక్క కుళ్లి నీటిలో ప్రాణవాయువును తినేస్తే చేపలు తేలిపోతాయి. డెక్కను మాత్రమే తినే నియోకెటినా పురుగుల్ని 1983 ప్రాంతంలో మన దేశంలో వదిలారు. నిలకడగా ఉండే చెరువుల్లో అవి బాగానే పనిచేశాయి. కానీ ఫలితానికి ఏళ్లు పడుతుంది, అన్నాళ్లూ ఆ పురుగుల్ని కదిలించకుండా ఉండాలి. ఏటా ఎండగట్టే కాల్వల్లో వాటిని నమ్ముకోలేం.

ఉప్పుటేరు మీద రెగ్యులేటర్లు కట్టాలని ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నాం. సముద్రపు ఉప్పు ఎగువకు రాకుండా, కొల్లేరులో నీరు నిలవడానికి అవి అవసరమే. కానీ కేరళ కుట్టనాడులో 1970ల్లో తన్నీర్‌ముక్కం బండ్ కట్టాక ఏమైందో మనం తెలుసుకోవాలి. వరికి ఉప్పు బాధ తగ్గింది, ఉప్పు సోకితే చచ్చే గుర్రపుడెక్కకు మాత్రం అడ్డు లేకుండా పోయింది. అందుకే తలుపులు ఎప్పుడు ఎత్తాలి, ఎప్పుడు దించాలి అన్నది డెక్కను కూడా లెక్కలోకి తీసుకుని ముందే రాసుకోవాలి.

పరాయి మొక్కతో పాటు పరాయి చేపలూ మన నీళ్లలో చేరాయి. మొక్క కళ్లకు కనిపిస్తుంది, చేప కనిపించదు. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకాన్ని కేంద్రం 2000లోనే నిషేధించింది. అది దొరికినవన్నీ తింటుంది, కోళ్ల వ్యర్థాలతోనూ పెరుగుతుంది, కాబట్టి దొంగచాటు సాగు ఆగలేదు. రూప్‌చంద్ కూడా అమెజాన్ చేపే, అనుమతి లేకుండా బంగ్లాదేశ్ దారిన వచ్చి ఇప్పుడు మన చెరువుల్లో మామూలైపోయింది. అక్వేరియం అద్దాలు శుభ్రం చేయడానికి కొన్న సక్కర్ చేప, జనం దెయ్యం చేప అంటున్నది, పారేస్తే కాల్వల్లో చేరి గట్లకు బొరియలు పెడుతోంది. ఒంటినిండా పెంకు, వల చింపేస్తుంది, తినడానికి పనికిరాదని వదిలేస్తారు. వరదకు చెరువు గట్టు తెగిన రోజున ఇవన్నీ కొల్లేటి కొర్రమీను, మార్పు, ఇంగిలాయిల మధ్యకు వెళ్తాయి. వల మీద బతికే లంకల జాలరికి ఆ నష్టం కట్టిచ్చేవాళ్లుండరు.

అమెరికాలో లేక్ తాహో సరస్సులో 2008 నుంచి తనిఖీ చేయకుండా మోటారు పడవను నీళ్లలో దింపనివ్వరు. మన దగ్గర పరాయి జీవులకు దారి చేపపిల్లల లారీ, కడగని వల, ప్రొక్లెయిన్ బకెట్టు. తనిఖీ వాటి దగ్గర ఉండాలి. 2022లో సవరించిన వన్యప్రాణి చట్టం పరాయి జాతుల దిగుమతిని, అమ్మకాన్ని, పెంపకాన్ని కట్టడి చేసే అధికారం కేంద్రానికి ఇచ్చింది. ఆ అధికారం మన హేచరీల గుమ్మం దాకా రావాలి.

చట్టం అక్కడిదాకా వచ్చేలోపు మనం చేయగలిగిందీ ఉంది. ఇంట్లో పెంచే చేపను కాల్వలో వదలకండి. వలలో దెయ్యం చేప పడితే తిరిగి నీళ్లలో వేయకండి. వచ్చే వేసవిలో కాల్వలు కట్టేసినప్పుడు మీ నీటి సంఘం వాళ్లను టెండరు కాగితం చూపించమనండి. లాగిన డెక్కను గట్టుకు దూరంగా తరలించాలని అందులో ఉందా? లేకపోతే రాయించాకే ప్రొక్లెయిన్‌ను కాల్వలోకి దిగనివ్వండి.