రియల్ మాడ్రిడ్ కంటే ముందే ఐదుకి ఐదు!

యూరప్ ఛాంపియన్ల కప్పు మొదలైన తొలి ఐదేళ్లూ, అంటే 1956 నుంచి 1960 దాకా, వరసగా ఎగరేసుకుపోయిన జట్టు స్పెయిన్ దేశపు రియల్ మాడ్రిడ్. ఆ ఘనత ప్రపంచమంతా చెప్పుకుంటుంది. రియల్ మాడ్రిడ్ మొదటి కప్పు ముట్టుకోవడానికి రెండేళ్ల ముందే ఐదో కప్పు కూడా ఇంటికి తెచ్చేసుకున్న జట్టు ఒకటుంది. అది హైదరాబాద్ సిటీ పోలీస్! అప్పట్లో బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పులో 1950, 51, 52, 53, 54... ఏటా వాళ్లే విజేతలు. అది చాలదన్నట్టు 1950లోనూ 1954లోనూ డ్యూరాండ్ కప్పు కూడా వాళ్లదే. ఒకే ఏడాది రెండేసి పెద్ద కప్పులు, అదీ ఆ ఐదేళ్లలోనే రెండుసార్లు. తెలుగునేల మీద ఇంత పెద్ద జట్టు మరే ఆటలోనూ పుట్టలేదని నా నమ్మకం.

అన్నిటికంటే పాతది ఏది? ప్రపంచంలో అతి పాత ఫుట్‌బాల్ క్లబ్బు ఇంగ్లండులోని షెఫీల్డ్, పుట్టిన ఏడు 1857. ఆటకి ఒక సంఘం, రాతపూర్వకంగా ఒక నియమావళి వచ్చింది 1863లో. మన బందరులో రాబర్ట్ నోబుల్ దొర ఇంగ్లిషు బడి తెరిచింది 1843లో! ఇప్పటి నోబుల్ కాలేజీకి మూలం అదే. అంటే ప్రపంచపు తొలి క్లబ్బు కంటే బందరు బడి 14 ఏళ్లు పెద్దది, ఆట నియమాల కంటే 20 ఏళ్లు పెద్దది. ఇక ఇంగ్లిషువాళ్లు బందరు రేవులో సరుకుల కొట్టు పెట్టింది 1611లో. ఫుట్‌బాల్ రూల్సు రాసుకోవడానికి వాళ్లకి అక్కడినుంచి ఇంకో 252 ఏళ్లు పట్టింది!

ఆసియాలో అతి పాత ఫుట్‌బాల్ పోటీ డ్యూరాండ్ కప్పు. 1888లో సిమ్లాలో మొదలైంది. ఇంగ్లండు లీగు మొదలైందీ ఆ ఏడే. రెండూ ఒక ఈడువే. ఈ పాత కప్పు మీద మన పోలీసుల పేరు 1950, 1954, 1957లో పడింది. 1961లో ఆంధ్రప్రదేశ్ పోలీస్ పేరుతో మరోసారి పడింది.

జనం మాటకొస్తే యూరప్ కప్పు ఫైనల్సులో కిరీటం గ్లాస్గోలోని హ్యాంప్డెన్ పార్కుది. 1960 మే 18న రియల్ మాడ్రిడ్ ఐదో కప్పు గెలిచింది అక్కడే, జర్మనీకి చెందిన ఐంట్రాక్ట్ ఫ్రాంక్‌ఫర్ట్ మీద 7–3తో. పుష్కాష్ నాలుగు, డి స్టెఫానో మూడు. మాడ్రిడ్ గోల్సన్నీ ఇద్దరివే! చూసినవాళ్లు 1,27,621 మంది. గుడివాడ జనాభా 2011 లెక్కల్లో 1,18,000 పైచిలుకు. పసిపిల్లలతో సహా గుడివాడ గుడివాడంతా తాళాలేసుకుని వెళ్లి కూర్చున్నా ఇంకా తొమ్మిది వేల చోట్లు మిగులుతాయి.

దాన్నీ మించింది బ్రెజిల్‌లోని మరకానా. 1950 జూలై 16న ఉరుగ్వే మీద ప్రపంచ కప్పు ఆఖరి మ్యాచికి టిక్కెట్టు కొన్నవాళ్లే 1,73,850 మంది. బందరు జనాభా దాదాపు 1,70,000. ఊరు మొత్తం పట్టేసి, దారిలో పెడన వాళ్లని కూడా కొందరిని ఎక్కించుకోవచ్చు. ఆ రోజు బ్రెజిల్ 1–2తో ఓడింది. అంతమంది ఒక్కసారిగా ఏడ్చిన మైదానం మరోటి లేదు.

అత్యంత ఘోరమైన సీజన్ ఏది? ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే ఇలాంటి సీజన్ ఇంకొకటి లేదు. పశ్చిమ జర్మనీ, 1965–66. బెర్లిన్‌లోని హెర్తా జట్టుని లెక్కల గోల్‌మాల్ కింద లీగులోంచి తీసేశారు. బెర్లిన్ నుంచి ఎవరో ఒకరు ఉండాలి కదా అని టాస్మానియా అనే చిన్న జట్టుని తెచ్చి పెద్ద లీగులో నిలబెట్టారు. మొదటి మ్యాచికి 81 వేలమందికి పైగా వచ్చారు, టాస్మానియా 2–0తో గెలిచింది కూడా! ఆ తర్వాత చూడండి. వరసగా 31 మ్యాచుల్లో గెలుపన్నదే లేదు. మొత్తం 34 మ్యాచుల్లో 2 గెలుపులు, 4 డ్రాలు, 28 ఓటములు. కొట్టిన గోల్సు 15, తిన్నవి 108. సొంత మైదానంలో 0–9 ఓటమి ఒకటి. ఏడాది పొడుగునా ఆ జట్టులో అందరికంటే ఎక్కువ గోల్సు కొట్టినవాడి లెక్క నాలుగు! 1966 జనవరిలో ఒక మ్యాచికి వచ్చిన ప్రేక్షకులు 827 మంది. తొలిరోజు 98 మంది కూర్చున్న చోట ఆరోజు ఒక్కడు కూర్చున్నాడన్నమాట. 2020–21లో షాల్కే జట్టు ఈ 31 రికార్డుని బద్దలుకొట్టేలా కనిపించింది. 30 దాకా వచ్చి, సరిగ్గా అక్కడ 4–0తో గెలిచేసింది. రికార్డు టాస్మానియాకే భద్రం.

సరిగ్గా అదే 1965–66 సీజన్. అక్కడ టాస్మానియా మునుగుతుంటే ఇక్కడ ఆంధ్రప్రదేశ్ తేలింది. కేరళలోని కొల్లంలో, రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ ఫైనల్. ఎదురుగా బెంగాల్, అప్పటికీ ఇప్పటికీ ఆ ట్రోఫీకి మహారాజు. మొదటి రోజు 1–1. మళ్లీ ఆడారు. ఆంధ్రప్రదేశ్ 1, బెంగాల్ 0! ఆంధ్రప్రదేశ్ పేరు మీద సంతోష్ ట్రోఫీ వచ్చింది ఆ ఒక్కసారే. అంతకుముందు హైదరాబాద్ పేరు మీద వరసగా రెండు వచ్చాయి, 1956–57లోనూ 1957–58లోనూ. మొత్తం మూడు. అందులో ఆఖరిది వచ్చి అరవయ్యేళ్లు కావస్తోంది.

బ్రిటన్‌లో అతి పెద్ద గెలుపు: స్కాట్లండ్ కప్పు, 1885 సెప్టెంబరు 12, ఆర్‌బ్రోత్ 36, బాన్ అకార్డ్ 0. రెండున్నర నిమిషాలకో గోలు. అదే రోజు, అదే కప్పులో, కొద్ది మైళ్ల దూరంలో డండీ హార్ప్ జట్టు 35–0తో గెలిచింది. ఒక్క గోలు తేడాతో బ్రిటన్ చరిత్రలో రెండోస్థానం!

అతి వేగం గోలు మనవాడిదే. ప్రపంచంలో కాదు, కలకత్తాలోని అతి పెద్ద పోరులో. అయినా తక్కువది కాదు. 1976 జూలై 24, మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్. ఆ రెండింటి మ్యాచంటే కలకత్తాలో ఇళ్లలోనే రెండు పార్టీలు. విజిల్ ఊదిన 17వ సెకనుకి హైదరాబాద్ కుర్రాడు మహమ్మద్ అక్బర్ గోలు కొట్టేశాడు. మ్యాచి 1–0తో ముగిసింది. మిగతా ఆటంతా ఆ 17 సెకన్ల చుట్టూ తిరిగిందే. ప్రపంచ కప్పుల్లో రికార్డు 11 సెకన్లు, టర్కీ ఆటగాడు హకాన్ షుకూర్, 2002. ఇంగ్లండు ప్రీమియర్ లీగులో 7.69 సెకన్లు, షేన్ లాంగ్, 2019. ఈ వాక్యం పైకి చదివేలోపు బంతి వలలో ఉంటుంది.

అక్బర్ అన్న హబీబ్ ఇంకా పెద్దవాడు. అందరూ ‘బడే మియా’ అనేవారు. 1977 సెప్టెంబరు 24న పీలే తన న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌కి వచ్చాడు. మూడు ప్రపంచ కప్పుల పీలే ఒకవైపు, మోహన్ బగాన్ మరోవైపు. స్కోరు 2–2. బగాన్ రెండు గోల్సులో ఒకటి హబీబ్‌ది! అది శనివారం. సరిగ్గా ఎనిమిది వారాలకి, నవంబరు 19 శనివారం, దివిసీమ మీదికి ఉప్పెన వచ్చింది. మన వైపు ఆ ఏడాది పేరెత్తితే ఎవరికీ పీలే గుర్తుకు రాడు, రానక్కర్లేదు కూడా. కానీ హబీబ్ గోలు కూడా ఆ ఏటిదే.

పొడుగు: బెల్జియం గోలీ క్రిస్టోఫ్ వాన్ హౌట్, 2.08 మీటర్లు. గోలు అడ్డకర్ర ఎత్తు 2.44 మీటర్లు. తల కర్రకి 36 సెంటీమీటర్ల దూరంలోనే ఉంటుంది, చెయ్యెత్తితే ఇంకేముంది! ఇలాంటివాళ్లని ఒకరి భుజం మీద కాదు, ఒకరి తల మీద ఒకర్ని పదిమందిని నిలబెడితే కోడూరు వైపు ఇరవై మీటర్ల తాటిచెట్టు మట్టల్ని అందుకుంటారు. మనకీ ఒక పొడగరి గోలీ ఉన్నాడు. హైదరాబాద్‌లో పుట్టిన పీటర్ తంగరాజ్. మొదట్లో గోల్సు కొట్టే చోట ఆడినవాడు, తర్వాత గోల్సు ఆపే చోటికి మారాడు. 1958లో ఆసియాలోకెల్లా మేటి గోలీ అనిపించుకున్నాడు.

అతి పొడవైన మ్యాచి: ఇంగ్లండు, 1946 మార్చి 30, స్టాక్‌పోర్ట్, డాన్‌కాస్టర్ జట్లు. ఎవరో ఒకరు గెలిచేదాకా ఆడాలని నియమం. 203 నిమిషాలు ఆడారు! చీకటి పడింది గానీ ఎవరూ గెలవలేదు, 2–2. మామూలు మ్యాచిలోనే మైదానం నడుమ ఆడేవాడు 11 కిలోమీటర్లదాకా పరుగెత్తుతాడు. అంటే బందరు నుంచి మంగినపూడి బీచికి. ఆ లెక్కన ఆ రోజు స్టాక్‌పోర్ట్‌లో బందరు నుంచి బీచికి, మళ్లీ వెనక్కి పరుగెత్తినట్టే.

యూరప్‌లో ఓటమి తెలియకుండా ఎక్కువ దూరం నడిచింది రుమేనియా జట్టు స్టేవా బుకారెస్ట్. 1986 నుంచి 1989 దాకా లీగులో 104 మ్యాచులు! ఇంగ్లండులో ఆర్సెనల్ 2003–04 సీజన్ మొత్తం, 38 మ్యాచుల్లో 26 గెలుపులు, 12 డ్రాలు, ఓటమి సున్నా. వాళ్ల వరస 49 దగ్గర తెగింది.

కాళ్లకి బూట్లు లేని ఒలింపిక్స్: 1952 హెల్సింకి. మనవాళ్లలో చాలామంది ఉత్తి కాళ్లతో చలిలో ఆడారు. యుగోస్లావియా 10, ఇండియా 1. ఆ జట్టులో హైదరాబాద్ పోలీసులు నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, మొయినుద్దీన్ ఉన్నారు. నాలుగేళ్లు తిరిగేసరికి మెల్‌బోర్న్. ఆంధ్రప్రదేశ్ పుట్టి సరిగ్గా నెల రోజులు, 1956 డిసెంబరు 1. ఇండియా 4, ఆస్ట్రేలియా 2! నెవిల్ డిసౌజా మూడు గోల్సు కొట్టాడు, ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో ఆసియావాడి తొలి హ్యాట్రిక్ అది. ఆసియా నుంచి సెమీస్ చేరిన తొలి జట్టు మనదే. నూర్, అజీజుద్దీన్ అప్పుడూ ఉన్నారు. మళ్లీ యుగోస్లావియా ఎదురైంది, ఈసారి ముందు గోలు కొట్టింది మనం. చివరికి 1–4. పదిని నాలుగుకి దించడం చిన్న సంగతి కాదు.

ఆ జట్టుని దిద్దిన మనిషి పేరు సయ్యద్ అబ్దుల్ రహీమ్. 1909లో హైదరాబాద్‌లో పుట్టాడు. వృత్తి బడిపంతులు. పోలీసు జట్టుకీ దేశపు జట్టుకీ ఆయనే గురువు. ఆయన పెట్టిన పోటీలు వింటే ఆశ్చర్యమేస్తుంది. ఒకదాంట్లో ఎవరికి ఏ కాలు వాటం కాదో ఆ కాలితోనే బంతి తన్నాలి. కుడివాటం వాడు ఎడమకాలితో, ఎడమవాటం వాడు కుడికాలితో. ఇంకోదాంట్లో బంతి కాలికి తగిలించుకుని పరుగెత్తకూడదు, అందగానే పక్కవాడికి ఇచ్చెయ్యాలి. ఇలా తయారైన కుర్రాళ్లకి రెండు కాళ్లూ కుడికాళ్లే! 1951లో ఆసియా క్రీడల బంగారం. 1962లో జకార్తాలో మళ్లీ బంగారం. ఆ ఫైనల్లో ఎదురు జట్టు దక్షిణ కొరియా. అదే క్రీడల్లో మొదట మనని 2–0తో ఓడించిన జట్టు. మైదానంలో దాదాపు లక్షమంది, అందరూ మనకి ఎదురు. జర్నయిల్ సింగ్ తల పగిలి కట్టుతో ఉన్నాడు. రక్షణలో ఆడేవాడిని రహీమ్ ముందుకి తోశాడు. పి.కె. బెనర్జీ ఒకటి, ఆ కట్టు తలతో జర్నయిల్ ఒకటి. 2–1! అప్పటికే రహీమ్‌కి ఊపిరితిత్తుల క్యాన్సర్. తొమ్మిది నెలలకి, 1963 జూన్ 11న, 53 ఏళ్ల వయసులో పోయాడు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో బంగారం మనకి ఆ తర్వాత ఒక్కటీ రాలేదు.

ఆఖరి గోలు ఎవరిది? ఒలింపిక్స్‌లో ఇండియా కొట్టిన చిట్టచివరి గోలు సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరామ్‌ది. 1960 రోమ్, పెరూ మీద. ఆ క్రీడల్లో మన మొత్తం గోల్సు మూడు, అందులో రెండు బలరామ్‌వే. ఒకటి పేరుమోసిన హంగరీ మీద! ఆ తర్వాత మన జట్టు ఒలింపిక్స్ గడప తొక్కలేదు. జబ్బు చేసి బలరామ్ చిన్న వయసులోనే ఆట మానేశాడు. 2023లో కన్నుమూశాడు.

అడుగునుంచి శిఖరానికి అతి వేగంగా ఎక్కిన జట్లలో ఒకటి జర్మనీ జట్టు కైజర్స్‌లౌటర్న్. 1996లో కింది లీగుకి పడిపోయి, 1997లో పైకొచ్చి, 1998లో ఏకంగా దేశానికే ఛాంపియన్. మన హైదరాబాద్ ఎఫ్‌సీ కథా దగ్గర దగ్గర అదే. 2019–20లో 18 మ్యాచుల్లో 2 గెలుపులు, 10 పాయింట్లు, దేశపు పెద్ద లీగు పట్టికలో అట్టడుగు. రెండు సీజన్లు తిరిగేసరికి 2022 మార్చి 20, గోవాలో ఫైనల్, కేరళ మీద. 88వ నిమిషందాకా 0–1 వెనక! సాహిల్ తవోరా దూరం నుంచి తన్నిన తన్నుతో 1–1. పెనాల్టీల్లో గోలీ కట్టిమణి మూడు ఆపేశాడు. 3–1తో కప్పు హైదరాబాద్‌ది. ఆ సీజన్లో ఒగ్బెచే ఒక్కడే 18 గోల్సు. అలాంటి జట్టు 2025లో పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. ఇది రికార్డు కాదు, బాధ.

అతి దూరం వెళ్లిన తెలుగమ్మాయి గుగులోత్ సౌమ్య. నిజామాబాద్ జిల్లా తండా పిల్ల. 2022లో క్రొయేషియాలోని డినమో జాగ్రెబ్ జట్టుకి సంతకం చేసింది. గాలిలో కొలిస్తే ఊరినుంచి జాగ్రెబ్ దాదాపు 6,400 కిలోమీటర్లు. బందరు నుంచి బెజవాడకి 70 కిలోమీటర్ల చొప్పున తొంభై సార్లు పోయినంత! 2024–25 సీజన్‌కి దేశంలో మేటి మహిళా ఫుట్‌బాలర్ అవార్డు ఆమెదే. ఆమె ఇంకా ఆడుతోంది. ఈ లెక్కలు పెరుగుతాయి.