ఫోనులో పుట్టిన ఫోటోకు గోడ దొరికేనా?

ఔత్సాహిక ఛాయాగ్రాహకుల కోసం మాసబ్ ట్యాంక్‌లో ప్రదర్శన పెట్టాలి

మాసబ్ ట్యాంక్ : ఈ పేరులో చెరువుంది గాని నేల మీద లేదు. కుతుబ్‌షాహీల ఇంటి ఆడపడుచు హయాత్ బక్షీ బేగంను జనం ‘మా సాహెబా’ అని పిలిచేవారు. ఆమె పేరున వున్న మా సాహెబా చెరువే వాడుకలో మాసబ్ ట్యాంక్ అయింది. చెరువు పూడిపోగా ఆ చోట చాచా నెహ్రూ పార్కు వెలిసింది. దగ్గరలో ఫ్లైఓవరు, దాని కింద మెహదీపట్నం వెళ్ళే బస్సుల రద్దీ. నీళ్ళున్న నాడు ఇక్కడ గట్టు ఎలా వుండేదో, ఎవరు వచ్చి కూర్చునేవారో ఇప్పుడు వూహించుకోవలసిందే.

ఇవాళ ఫోటోలకు కరువు లేదు. ఎవరి చేతిలో చూసినా ఫోనే. తీసే వాటిలో చాలావరకు మరిచిపోదగినవే. కాని నూటికొకటి చూపు తిప్పుకోనివ్వదు. నాట్లు వేసి గట్టెక్కిన కూలీ తల్లి పాదాల బురద, వాన పడుతుంటే ఇస్త్రీ బండి మీద పట్టా కప్పుతున్న ముసలాయన, బస్సు కిటికీలో నిద్రపోతున్న బడిపిల్ల. తీసినవారు కెమెరా కొనగలిగిన స్తోమత వున్నవారు కారు. ఒకరు మెకానిక్కు, ఒకరు ఇంటింటికీ సామాను చేరవేసే కుర్రవాడు, ఒకరు డిగ్రీ చదివే అమ్మాయి. ఫోటోను ఇన్‌స్టాగ్రామ్‌లో పెడతారు. లైకులు పడతాయి. తెల్లవారేసరికి వేయి ఫోటోల కిందికి జారిపోతుంది.

అలాంటి వారి ఫోటోలను ఏరి, పెద్దవిగా అచ్చు వేయించి, ఫ్రేములు కట్టించి, పది రోజులపాటు జనానికి చూపే ఏర్పాటు ఒకటి జరగాలి. ఇది ఈ విలేఖరి కల మాత్రమే కాదు. ఫోను పట్టిన ప్రతి పదిమందిలో ఒకరిద్దరి కల.

ఇక్కడే ఎందుకు?

లలిత కళలకు మాసబ్ ట్యాంక్ పుట్టినిల్లు వంటిది. 2008లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఇక్కడే వున్నది. చిత్రలేఖనం, శిల్పంతో బాటు ఫోటోగ్రఫీని కూడా డిగ్రీ చదువుగా నేర్పుతున్నారు. ఫోటో మంచిచెడ్డలు చెప్పగల గురువులు, చేతిసాయం చేయగల విద్యార్థులు ఒకే ఆవరణలో దొరుకుతారు. జిల్లాల నుంచి వచ్చేవారికి బస్సు దిగితే నడకదూరం.

ఇండియన్ ఫోటో ఫెస్టివల్ 2015లో మొదలైంది. అది దేశదేశాల పేరున్నవారు పాల్గొనే పెద్ద పండుగ. ఆ పండుగకు తోడుగా, ఇంకా పేరు రాని వారి కోసమే చిన్న ఎత్తున ఒకటి కావాలన్నదే ఇక్కడి మనవి.

ఆయనా తొలుత ఔత్సాహికుడే

ఆరవ నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ (1844-1905) పేరు వినని ఫోటో స్టూడియో యజమాని వుండడు. ఆయన చదివింది రూర్కీలో ఇంజనీరింగు. ఇందోరులో పబ్లిక్ వర్క్స్ శాఖ కొలువు చేస్తూ తీరిక వేళల్లో కెమెరా పట్టారు. చూసిన పెద్దలు ప్రోత్సహించారు. తరువాత హైదరాబాదు సంస్థానం ఆదరించింది. ఆయన గాజు పలకల నెగటివులు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రానికి 1989లో చేరాయి. ఆయన పోయిన 84 ఏళ్ళకు కూడా గాజు పలక నిలిచింది. మన ఫోను ఫోటో అన్నాళ్ళు నిలుస్తుందా?

మాయమైన ఆల్బములు

నిలుస్తుందని భరోసా లేదు. ఒకప్పుడు మన కుర్రకారు పొద్దస్తమానం గడిపిన ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది. ఫోటోలవారి కూడలి అనిపించుకున్న ఫ్లికర్, ఉచిత ఖాతాలకు వేయి ఫోటోలే హద్దు అని 2018లో ప్రకటించింది. హద్దు దాటినవాటిని 2019లో చెరిపివేయసాగింది. అద్దె కొంపలో గోడకు మేకు కొట్టుకున్నట్టే.

ఈ విలేఖరి అనుభవం కూడా అదే. మూడేళ్ళు తీసిన జాతరలు, బతుకమ్మలు, ఎండిన చెరువులు అన్నీ ఫోనులోనే వుండేవి. ఒకనాడు వాగు దాటుతుంటే ఫోను నీళ్ళపాలైంది. అన్నీ పోయాయి, ఒక్కటి తప్ప. మా వూరి పశువుల కాపరి తాత అడిగితే స్టూడియోలో కడిగించి ఇచ్చిన ఫోటో అది. తాత ఇప్పుడు లేడు. ఆ ఫోటో మాత్రం వాళ్ళ ఇంటి గోడమీద దండతో వున్నది. ఆయన ముఖానికి వేరే ఆధారం ఆ ఇంట్లో లేదు.

బయటి దేశాల దారి

అమెరికాలో వివియన్ మేయర్ అనే ఆమె పిల్లలను సాకే ఆయా. జీవితమంతా వీధుల్లో ఫోటోలు తీసి పెట్టెల్లో దాచుకున్నది. ఆ పెట్టెలు 2007లో వేలానికి వచ్చాయి. కొన్నవారిలో ఒకరు 2009లో కొన్నిటిని ఫ్లికర్‌లో పెడితే లోకం ముక్కున వేలేసుకున్నది. 2011లో షికాగోలో ప్రదర్శన జరిగింది. చూడడానికి ఆమె లేదు, 2009లోనే కన్నుమూసింది. బతికుండగా గోడ చూపితే ఆ ఆనందమే వేరు.

న్యూయార్కులోని బ్రూక్లిన్ మ్యూజియం 2008లో జనం నుంచి ఫోటోలు పిలిచింది. 389 వచ్చాయి. తీసినవారి పేరు చూపకుండా జనం చేతనే ఆన్‌లైన్‌లో మార్కులు వేయించి 78 ఎంచి గోడకెక్కించింది. పేరు చూడకపోతే పలుకుబడికి చోటుండదు. మనమూ ఆ పద్ధతి పాటించవచ్చు.

ఎలా చేయాలి?

ప్రవేశ రుసుము వుండరాదు. ఒక్కొక్కరి నుంచి మూడు ఫోటోలకు మించి తీసుకోరాదు. ప్రతి ఫోటో కింద తీసినవారి పేరు, వూరు, రెండు మాటల కథ వుండాలి. ఫోటోలో వున్న మనిషి సమ్మతి తప్పనిసరి. పేదరికాన్ని అడగకుండా గోడకెక్కించడం కళ కాదు.

పంపేవారు తెలుసుకోవలసినది ఒకటి వున్నది. మంచి అచ్చుకు అంగుళానికి 300 చుక్కలు కావాలి. 12 మెగాపిక్సెళ్ళ ఫోను ఫోటో 13 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు వరకు చక్కగా వస్తుంది. అదే వాట్సాప్‌లో మామూలుగా పంపితే కుంచించుకుపోయి అయిదంగుళాలకే పనికివస్తుంది. డాక్యుమెంటుగా పంపితే చెడదు.

దీనికి కోట్లు అక్కరలేదు. ఒక హాలు, యాభై అచ్చులు, యాభై ఫ్రేములు. ప్రదర్శన ముగిశాక ఎవరి ఫోటో వారికి ఇచ్చి పంపితే అది వారి ఇంటి గోడకు చేరుతుంది. ఏటా ఆగస్టు 19న ప్రపంచ ఫోటోగ్రఫీ దినం జరుపుకుంటున్నాము. ఆ రోజునే ప్రారంభిస్తే సందర్భం కుదురుతుంది. విశ్వవిద్యాలయం పెద్దలు, సాంస్కృతిక శాఖ అధికారులు ఆలోచించవలసి వున్నది. మాసబ్ ట్యాంక్‌లో చెరువు పోయి పేరు మిగిలింది. మన కుర్రవాళ్ళ ఫోటోలకు ఆ పేరు కూడా మిగలని స్థితి రాకూడదు.